బస్టాండు వెనక రేకు క్యాబిన్లలో రాత్రి ఆశ్రయం: మా పురపాలక సంఘానికి ఏం చెప్పాలి?

విభాగం: పట్టణాలు, పౌర సమస్యలు

1. గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. మాది గోదావరి జిల్లాల్లో లక్షకు కొంచెం పైబడిన జనాభా ఉన్న పట్టణం. బస్టాండు అరుగుల మీద, రైల్వే స్టేషను బయట, మార్కెట్ షెడ్ల కింద పడుకునేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. ఇప్పుడు పురపాలక సంఘం వారు బస్టాండు వెనకనున్న ఖాళీ స్థలంలో పోర్టా క్యాబిన్లు (ముందే తయారుచేసి తెచ్చి పెట్టే రేకు గదులు) దించి రాత్రి ఆశ్రయం ఏర్పాటు చేస్తామంటున్నారు. పక్కా భవనానికి రెండేళ్లు పడుతుందట, ఇవైతే నెలలో సిద్ధమట. వార్డు ప్రజల అభిప్రాయాలు రాతపూర్వకంగా ఇమ్మని అడిగారు.

నేను సుముఖంగానే ఉన్నాను. శ్రావణంలో కుండపోత వాన కురుస్తుంటే గోనెపట్టా కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చున్న ముసలాయనను చూసి, రెండేళ్లు ఆగు తాతా అని ఎలా చెప్పగలం? అయితే పెట్టిన తర్వాత అవి ఎలా నడుస్తాయో నాకు తెలియదు. ఇలాంటివి నడిచిన చోట్ల ఉన్నవారు, పనిచేసినవారు దయచేసి వివరంగా చెప్పండి. అర్జీలో రాయాల్సినవి ఏమిటి, అడగాల్సినవి ఏమిటి?

2. యమునాతీరం (ఢిల్లీ)

గోదావరి గట్టు గారూ, ఉద్యోగరీత్యా ఢిల్లీలో స్థిరపడినవాణ్ణి. చలికాలంలో ఒక స్వచ్ఛంద సంస్థ వారితో కలిసి రాత్రిపూట తిరుగుతుంటాను కాబట్టి ఇక్కడి ఆశ్రయాలను లోపలికి వెళ్లి చూశాను.

మన దేశంలో ఈ క్యాబిన్లను ఇంత పెద్ద ఎత్తున వాడిన నగరం ఢిల్లీ. అది ఎలా మొదలైందో మీరు తెలుసుకోవాలి. 2009 డిసెంబరులో, ఎముకలు కొరికే చలిలో, పూసా రోడ్డు కూడలి దగ్గరున్న గుడారపు ఆశ్రయాన్ని నగరపాలక సంస్థ తొలగించింది. అందులో ఉన్నవాళ్లు రోడ్డు మీద పడ్డారు, చలికి చనిపోయినవాళ్లూ ఉన్నారని పత్రికలు రాశాయి. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్ ఆ సంగతి కోర్టుకు లేఖ రాశారు. 2010 జనవరిలో కోర్టు కల్పించుకుని ఆశ్రయాలు వెంటనే పెంచమంది. అప్పటికప్పుడు భవనాలు ఎక్కడి నుంచి వస్తాయి? ముందు గుడారాలు వేశారు, ఆ తర్వాత పోర్టా క్యాబిన్లు దించారు. అదే ఏడాది చట్టం ద్వారా ఏర్పడిన షెల్టర్ బోర్డు (ఇక్కడ అందరూ డూసిబ్ అంటారు) వీటిని చూసుకుంటోంది. కొన్నేళ్ల కిందటి లెక్కల ప్రకారం సుమారు 195 ఆశ్రయాల్లో వందకు పైగా క్యాబిన్లే.

ఇక నేను చెప్పదలచిన అసలు విషయం. తాత్కాలికం అని తెచ్చినవి ఏళ్ల తరబడి ఉండిపోయాయి, కానీ వాటికి ఇచ్చే మర్యాద మాత్రం తాత్కాలికంగానే మిగిలింది. తాత్కాలికమే కదా అని మురుగు కాల్వకు కలపరు. తాత్కాలికమే కదా అని పైకప్పు కారితే మరమ్మతుకు పద్దు రాయరు. తుప్పు పట్టిన తలుపు మార్చడానికి కూడా పై అధికారి సంతకం కావాలి. బాగా నడిచే క్యాబిన్లు కూడా ఉన్నాయి, వాటన్నిటిలో నాకు కనిపించిన ఉమ్మడి లక్షణం ఒక్కటే: మూడు షిఫ్టుల్లోనూ ఉండే, నెలనెలా జీతం అందే కేర్‌టేకర్లు. జీతాలు ఆగిన నెలలో ఆ ఆశ్రయం వాసన బయటికే తెలిసిపోతుంది.

మీ అర్జీలో మొదటి ప్రశ్న ఇదే పెట్టండి: క్యాబిన్లు దించిన మర్నాటి నుంచి నడిపేది ఎవరు, ఎవరి డబ్బుతో, ఎన్నాళ్లు?

3. పునాది (హైదరాబాద్)

సివిల్ ఇంజనీరును. నిర్మాణ స్థలాల్లో కూలీల కోసం, ఆఫీసుల కోసం ఇలాంటి క్యాబిన్లు చాలా దింపించాను. లెక్క చెబుతాను.

పట్టణ పేదల కోసం కేంద్రం తెచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లో ఆశ్రయంలో మనిషికి కనీసం 50 చదరపు అడుగులు ఉండాలని ఉంది. బజారులో దొరికే మామూలు క్యాబిన్ 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. అంటే 200 చదరపు అడుగులు, నలుగురికి సరి. నూరుమందికి 25 క్యాబిన్లు కావాలి, అది కూడా మరుగుదొడ్లు, వంటగది, కేర్‌టేకర్ గది కలపకుండా. ఓడల్లో వచ్చే పాత 20 అడుగుల కంటెయినర్ అయితే ఇంకా ఇరుకు, ముగ్గురికి మించి చాలదు. మీ స్థలంలో ఎన్ని క్యాబిన్లు పెడతారో, ఎంతమందికి అని చెబుతున్నారో ముందు అడగండి. ఆరు క్యాబిన్లు పెట్టి నూరుమందికి ఆశ్రయం అని బోర్డు రాస్తే, ఒక్కో దాంట్లో పదహారు మందిని పేర్చుతున్నారని అర్థం.

రెండోది ఎండ. మీ ప్రాంతంలో మే నెల ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. ఒంటి పొర జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకు గోడలైతే పగలు మనిషి లోపల ఉండలేడు, రాత్రి పది దాటినా ఆ రేకు వేడి కక్కుతూనే ఉంటుంది. మధ్యలో పఫ్ (నురుగులాంటి ప్లాస్టిక్) నింపిన ప్యానెళ్లు అయితే నయం. కానీ పఫ్ అంటుకుంటే విషపు పొగ వస్తుంది, అందుకని మనుషులు నిద్రపోయే చోట రాక్‌వూల్ (మంట అంటుకోని రాతి నార) నింపిన ప్యానెళ్లు అడగడం మంచిది. వాటి పైన నాలుగడుగుల ఎత్తులో ఇంకో రేకు పందిరి వేస్తే ఎండ నేరుగా కప్పు మీద పడదు. ఎదురెదురు కిటికీలు ఉండాలి. ప్రతి క్యాబిన్‌కు రెండు తలుపులు ఉండాలి, బయటికి తెరుచుకునేవి.

మూడోది ఎర్తింగ్. ఇది చాలామంది మరిచిపోతారు. ఇనుప పెట్టెలో వైరింగు పొరపాటు జరిగితే తడి చేత్తో తలుపు పట్టుకున్నవాడు అక్కడే పోతాడు. ప్రతి క్యాబిన్‌కు విడిగా ఎర్తింగు, కరెంటు లీకైతే దానంతట అదే ఆపేసే ఈఎల్‌సీబీ ఉండాలి. టెండరు కాగితంలో ఇవి రాసి ఉన్నాయా లేదా చూడండి.

గోదావరి వరద, బస్టాండు చుట్టూ పల్లం. కనీసం రెండడుగుల గట్టు పోసి దాని మీద పెట్టమనండి.

4. మూడో అంతస్తు

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. నేను ఇంకో ఊళ్లో బస్టాండుకు దగ్గరగా ఉన్న అపార్టుమెంటులో ఉంటాను. మా అమ్మాయి ట్యూషను నుంచి రాత్రి ఎనిమిదిన్నరకు నడిచి వస్తుంది. బస్టాండు వెనక సందులో తాగి పడిపోయేవాళ్లు, గంజాయి పీల్చే కుర్రాళ్లు ఉన్నారు, ఇది కల్పన కాదు. అక్కడే వందమందికి ఆశ్రయం అంటే తల్లిదండ్రులుగా మాకు భయం ఉండదా? పేదవాళ్ల మీద మాకు ద్వేషం లేదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ భర్త చనిపోయాక ఆమెకు ఇల్లు చూసిపెట్టింది మేమే. కానీ స్థలం ఎంచుకునేటప్పుడు చుట్టుపక్కల వాళ్లను అడగకుండా, అడిగినా వినకుండా పెట్టేస్తారు. తర్వాత పోలీసుల చుట్టూ తిరిగేది మేము. ఊరి బయట ప్రభుత్వ స్థలం లేదా?

5. అడ్డా కూలి (కూకట్‌పల్లి)

మూడో అంతస్తు గారికి నమస్కారం. మీ భయాన్ని తీసిపారేయను, నాకూ కూతురు ఉంది. కానీ ఊరి బయట అన్న మాట ఒక్కటి వెనక్కి తీసుకోమని బతిమాలుతున్నాను.

నేను పాలమూరు నుంచి హైదరాబాద్ వచ్చి తాపీ పనిలో చేరిన కొత్తలో ఫ్లైఓవర్ల కింద, దుకాణాల మెట్ల మీద పడుకున్నవాణ్ణి. ఇప్పుడు చిన్న మేస్త్రీని, అద్దె ఇల్లు ఉంది. అప్పుడు నా పక్కన పడుకున్నవాళ్లంతా ఎవరనుకున్నారు? పెళ్లిళ్లలో వడ్డన పనికి వెళ్లే కుర్రాళ్లు, లారీల హమాలీలు, హోటల్లో గిన్నెలు కడిగేవాళ్లు, పాత ఇనుము ఏరుకునేవాళ్లు. తెల్లవారి ఐదున్నరకు అడ్డా మీద నిలబడకపోతే ఆ రోజు కూలి లేదు. ఊరి బయట ఏడు కిలోమీటర్ల దూరంలో మేడ కట్టించి పరుపు వేసినా మేము వెళ్లలేం. ఆటోకు పెట్టే డబ్బుంటే ఆ డబ్బుతో అన్నం తింటాం. స్టేషను పక్కన, మార్కెట్ పక్కన, ఆస్పత్రి పక్కన ఉంటేనే అది మాకు ఆశ్రయం.

ఇంకొకటి, మీలో ఎవరూ ఇంకా అనలేదు. మనిషికి పెట్టె కావాలి, తాళం వేసుకునేది. తాపీ, మట్టపు కర్ర, రెండు జతల బట్టలు, ఆధార్ కార్డు. ఇవి ఎక్కడ దాచాలి? నేను నా కూలి డబ్బులు చాయ్ కొట్టు ఆయన దగ్గర దాచుకునేవాణ్ణి. ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది. నా స్నేహితుడికి నిద్రలో పనిముట్లు పోయాయి, మళ్లీ కొనుక్కునేదాకా పని దొరకలేదు. రాత్రి ఆశ్రయానికి రావడానికి చాలామంది ఎందుకు భయపడతారంటే లోపల దొంగతనం జరుగుతుందని. మంచం లేకపోయినా పరవాలేదు, తాళం పెట్టె ఇవ్వమని రాయండి.

పొద్దున ఏడింటికి అందరినీ బయటికి పంపి తలుపు వేయడం కూడా వద్దనండి. రాత్రి డ్యూటీ చేసేవాడు పగలు ఎక్కడ పడుకోవాలి? జ్వరం వచ్చినవాడు ఎక్కడికి పోవాలి?

6. నల్లకోటు (విశాఖపట్నం)

అడ్డా కూలి గారు చివర అడిగినది కోర్టు ఎప్పుడో చెప్పింది. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన 2001 నాటి ఆహార హక్కు కేసులోనే, 2010లో, ఆశ్రయాలు ఏడాది పొడవునా, రోజంతా తెరిచి ఉండాలని, పట్టణ జనాభాలో ప్రతి లక్షకు నూరుమందికి సరిపోయే ఒక ఆశ్రయం ఉండాలని సుప్రీంకోర్టు నిర్దేశించింది. గోదావరి గట్టు గారూ, మీ పట్టణం లక్ష దాటింది కాబట్టి ఇది మీ పురపాలక సంఘం చూపే దయ అనుకోనక్కర్లేదు, చేయవలసిన పని. 2013లో వచ్చిన జీవనోపాధి మిషన్‌లోకి అదే కొలత వెళ్లింది. అందులో కేంద్రం, రాష్ట్రం కలిసి కట్టడానికీ, కొన్నేళ్లు నడపడానికీ డబ్బు ఇచ్చేవి.

అయినా ఏం జరిగింది? పట్టణాల్లో ఇల్లు లేనివారి ఆశ్రయాల గురించిన ఇ.ఆర్. కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2016లో జస్టిస్ కైలాశ్ గంభీర్ అధ్యక్షతన కమిటీ వేసింది. రాష్ట్రాలు తిరిగి చూసిన ఆ కమిటీ నివేదిక చదివితే, నిధులు ఉండీ ఆశ్రయాలు ఎంత తక్కువగా ఉన్నాయో తెలిసింది. దాని తర్వాతే ప్రతి రాష్ట్రంలో ఆశ్రయాలను పర్యవేక్షించే కమిటీ వేయమన్నారు. మీ రాష్ట్ర కమిటీకి కూడా ఒక ప్రతి పంపండి.

డబ్బు గురించి జాగ్రత్త. ఆ మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. అందుకని యమునాతీరం గారు అడగమన్న ప్రశ్నకు పాత పథకం పేరు జవాబుగా వస్తే ఒప్పుకోవద్దు. ఈ ఏడాది పురపాలక బడ్జెట్‌లో ఏ పద్దు కింద నిర్వహణ ఖర్చు చూపారో కాగితం మీద అడగండి.

2011 జనగణనలో ఇల్లు లేనివారు దేశం మొత్తం మీద 17.7 లక్షలు, అందులో పట్టణాల్లో 9.4 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.45 లక్షలు. ఒక్క రాత్రిలో లెక్కపెట్టినవి ఇవి, అసలు సంఖ్య ఇంతకంటే చాలా ఎక్కువని ఈ రంగంలో పనిచేసేవారందరూ అంటారు. మీ పట్టణంలో తాజాగా రాత్రి సర్వే చేశారా? ఎంతమంది ఉన్నారో తెలియకుండా ఎన్ని క్యాబిన్లు కావాలో ఎలా తేల్చారు?

7. తెల్లకోటు

ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సును. ఒక వర్గాన్ని అందరూ మరిచిపోతారు. ఇల్లు ఉండి కూడా నెలల తరబడి ఇల్లు లేనట్టు బతికే రోగుల బంధువులు. ఆదిలాబాద్ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి క్యాన్సర్ చికిత్స అయ్యేదాకా ఆస్పత్రి చెట్ల కింద వండుకు తినేవాళ్లు. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ వారు నిమ్స్, నిలోఫర్ లాంటి పెద్దాస్పత్రుల దగ్గర వీళ్లకోసమే ఆశ్రయాలు పెట్టారు. అది మంచి పని. మీ పట్టణంలో ఏరియా ఆస్పత్రి ఉంటే అక్కడ కూడా రెండు క్యాబిన్లు అడగండి.

ఇంకో బాధ చెబుతాను. కాలు విరిగి పిండికట్టు వేసిన మనిషిని మంచాలు చాలక డిశ్చార్జి చేస్తాం. ఆరు వారాలు కాలు కింద పెట్టవద్దు అని రాస్తాం. ఆయన ఉండేది బస్టాండు అరుగు మీద. క్షయ మందులు వాడేవాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు, పురిటి తర్వాత వెళ్లే చోటు లేని ఆడవాళ్లు, వీళ్లందరినీ ఒకే హాల్లో వందమందితో కలిపి పడుకోబెట్టలేం. ఇక్కడే క్యాబిన్లకు ఒక మేలు ఉంది. విడివిడి గదులు కాబట్టి ఒకటి జబ్బుపడ్డవాళ్లకు, ఒకటి కుటుంబాలకు అని పెట్టుకోవచ్చు. పెద్ద హాలులో అది కుదరదు. వారానికోసారైనా ఆరోగ్య కార్యకర్త వచ్చేలా రాయించండి.

8. పసిఫిక్ గాలి (శాన్‌హోసే, కాలిఫోర్నియా)

ఇక్కడ బే ఏరియాలో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మేము రోజూ ఆఫీసుకు వెళ్లే ఫ్రీవేల పక్కనే గుడారాలు, పాత వ్యాన్లలో కాపురాలు. ప్రపంచంలోని అత్యంత ధనిక ప్రాంతాల్లో ఇది ఒకటి. అద్దె కట్టలేక రోడ్డున పడ్డవాళ్లలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు కూడా ఉన్నారు.

శాన్‌హోసే నగరం కోసం 2016లో రాష్ట్రం ఒక ప్రత్యేక చట్టం చేసి, మామూలు ఇళ్ల నిబంధనల నుంచి కొంత సడలించి చిన్న క్యాబిన్లు పెట్టుకోనిచ్చింది. మొదటి స్థలం మేబరీ రోడ్డు దగ్గర, 40 చిన్న గదులతో, 2020 జనవరిలో తెరిచారు. చట్టానికీ గదులకీ మధ్య మూడేళ్లు దాటింది గమనించండి! త్వరగా అయిపోతుందని మొదలుపెట్టిన పనికి స్థలం దొరకక, ఇరుగుపొరుగు ఒప్పుకోక అంత కాలం పట్టింది. చివరికి రవాణా సంస్థల స్థలాలు వాడారు. కోవిడ్ వచ్చాక అత్యవసరం అని ఇంకొన్నిటిని నెలల్లోనే కట్టగలిగారు. అంటే జాప్యం అంతా కట్టడంలో లేదు, నిర్ణయంలో ఉంది.

ఖర్చు గురించి లాస్ ఏంజెలెస్ ఉదాహరణ చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో నార్త్ హాలీవుడ్‌లో ఎనిమిదడుగులు పొడవు, ఎనిమిదడుగులు వెడల్పు ఉన్న గదులతో మొదటి స్థలం తెరిచారు. గది ఒక్కటి కొంటే పదివేల డాలర్ల లోపే. కానీ నేల చదును, మురుగు గొట్టాలు, కరెంటు, దారులు, కంచె అన్నీ కలిపితే గదికి సుమారు లక్షా ముప్పై వేల డాలర్లు తేలిందని అక్కడి పత్రిక లెక్క వేసింది. మీ పురపాలక సంఘం క్యాబిన్ ధర మాత్రమే చెబుతుంటే మిగతా ధర ఎక్కడ ఉందో అడగండి.

అయితే ఇక్కడ ఉన్నవాళ్లు చెప్పేది కూడా వినాలి. హాలులో వరసగా మంచాలు వేసిన పాత ఆశ్రయాలకు రమ్మంటే రాని మనిషి, తాళం ఉన్న తలుపు ఇస్తామంటే వస్తాడు. భార్యాభర్తలు కలిసి ఉండవచ్చు, పెంచుకున్న కుక్కను వదలక్కర్లేదు, సామాను భద్రం. అడ్డా కూలి గారు తాళం పెట్టె అన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఇక్కడివాళ్లూ సరిగ్గా అదే అడుగుతారు.

ఒక హెచ్చరిక. 2018లో ఇక్కడి అప్పీలు కోర్టు ఒకటి, పడుకోవడానికి చోటు చూపకుండా రోడ్డు మీద పడుకున్నందుకు శిక్షించకూడదని తీర్పు ఇచ్చింది. పశ్చిమ తీర నగరాలు పోటీపడి క్యాబిన్లు పెట్టడానికి అది కూడా ఒక కారణం. 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ రక్షణ తీసేసింది. 2025లో శాన్‌హోసే కౌన్సిల్, ఆశ్రయం ఇస్తామంటే పదే పదే కాదన్నవారిని అరెస్టు చేసే వీలున్న విధానానికి ఆమోదం తెలిపింది. క్యాబిన్ ఉంది కాబట్టి ఇక రోడ్డు మీద కనిపిస్తే నేరం అనే దారి ఇది. ఆశ్రయాన్ని లాఠీ పక్కన నిలబెట్టవద్దని మీ అర్జీలో ముందే రాసుకోండి.

9. నల్లకోటు

చివరి మాటకు మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు, 144వ సెక్షన్ కింద రెండు నెలలు భిక్షాటన నిషేధించారు. రోడ్ల మీద దొరికినవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆనంద ఆశ్రమాలకు తరలించారు. అన్నం పెట్టారు, వైద్యం చేశారు, కాదనను. కానీ జైలు ఆవరణలో పెట్టినదానికి ఎంత మంచి పేరు పెట్టినా లోపలికి వెళ్లే మనిషి మనసులో అది జైలే. ఆశ్రయం మనిషి తనంతట తాను వచ్చి, తనంతట తాను వెళ్లగలిగిన చోటు అయి ఉండాలి.

10. మూడో అంతస్తు

అందరూ ఓపికగా జవాబిచ్చినందుకు కృతజ్ఞతలు. నా భయం పోయిందని చెప్పను. కానీ ఇప్పుడు ఆ మనుషులు బస్టాండు వెనక చీకటిలో ఉన్నారు, ఆశ్రయం వచ్చినా రాకపోయినా అక్కడే ఉంటారు అన్నది నిజం. అలాంటప్పుడు దీపాలు, కేర్‌టేకర్, రిజిస్టరు ఉన్న చోట ఉంటేనే మాకూ నయం కదా అని మా ఆవిడ అంటోంది.

ఆమె ఒక షరతు కూడా చెప్పింది, రాసుకోండి. ఆడవాళ్లకు, పిల్లలున్న తల్లులకు వేరే ఆవరణ, వేరే ద్వారం, మహిళా కేర్‌టేకర్. ఒకే గేటు పెట్టి లోపల అడ్డుతెర కడితే ఒక్క ఆడమనిషి కూడా రాదట. ఇంకా, చుట్టుపక్కల కాలనీల నుంచి ఇద్దరిని, ఆశ్రయంలో ఉండేవాళ్ల నుంచి ఇద్దరిని కలిపి నెలకోసారి కూర్చోబెట్టండి. ఫిర్యాదు చేయడానికి ఒక మనిషి, ఒక నంబరు ఉంటే మాలాంటివాళ్ల వ్యతిరేకత సగం తగ్గుతుంది.

11. నిర్వాహకులు

చర్చ చాలా బాగా సాగుతోంది. ఒక విన్నపం. రోడ్డు మీద నిద్రపోతున్నవారి ముఖాలు కనిపించే ఫొటోలు పెట్టిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. వారి అనుమతి లేకుండా అలాంటివి పెట్టవద్దు.

12. పునాది

గోదావరి గట్టు గారూ, క్యాబిన్ల గురించి ఇంత చెప్పి ఇప్పుడు అసలు క్యాబిన్లు ఎందుకు అని అడుగుతున్నాను. మీ పట్టణంలో తాళం వేసి ఉన్న సామాజిక భవనం లేదా? విద్యార్థులు లేక మూసేసిన పురపాలక పాఠశాల? ఎవరూ అద్దెకు తీసుకోని మార్కెట్ కాంప్లెక్సు పై అంతస్తు? దాదాపు ప్రతి పట్టణంలో ఇలాంటివి కనీసం ఒకటి రెండు ఉంటాయి. పాత భవనానికి మరుగుదొడ్లు, ఫ్యాన్లు, సున్నం వేయడానికి పట్టే సమయం క్యాబిన్ల టెండరు కంటే ఎక్కువేమీ కాదు. మందపాటి గోడ మే నెలలో రేకు కంటే చల్లగా ఉంటుంది. ముప్పై ఏళ్లు నిలుస్తుంది. కొత్తది కొనడంలో ఉన్న ఉత్సాహం ఉన్నదాన్ని బాగు చేయడంలో మన కార్యాలయాలకు ఉండదు, అది నా వృత్తిలో చూస్తున్న బాధ.

13. పసిఫిక్ గాలి

పునాది గారితో ఇక్కడ ఏకీభవించలేను. పాత భవనం అంటే మళ్లీ హాలు, మళ్లీ వరస మంచాలు. తెల్లకోటు గారు చెప్పిన కుటుంబాలు, జబ్బు మనుషులు, జంటలు ఆ హాలులో ఇమడరు. ఇక్కడ కోవిడ్ కాలంలో హోటళ్లు అద్దెకు తీసుకుని, కొన్నిటిని కొనేసి ఒక్కొక్కరికి ఒక గది ఇచ్చారు, అది పనిచేసింది. గోడలు ఇటుకవా రేకువా అన్నది తర్వాత సంగతి, తలుపు వేసుకునే వీలు ఉందా అన్నది ముందు.

14. యమునాతీరం

రెండూ కావాలి. భవనంలో పాతికమంది మగవాళ్లు, క్యాబిన్లలో కుటుంబాలు, రోగులు ఉండవచ్చు. కానీ క్యాబిన్‌కు ఉన్న ఒక ప్రమాదం మీరిద్దరూ చెప్పలేదు. తేలికగా దించగలిగినదాన్ని తేలికగా ఎత్తేయగలరు.

2023 ఫిబ్రవరిలో ఇక్కడ ఢిల్లీలో సరాయ్ కాలే ఖాన్ దగ్గర ఏళ్లుగా నడుస్తున్న ఆశ్రయాన్ని కూల్చేశారు. ఆ స్థలంలో పార్కు వస్తుందన్నారు. ఉన్నవాళ్లను యమున అవతల గీతా కాలనీకి వెళ్లమన్నారు. చుట్టుపక్కల స్టేషనులో, బస్టాండులో పనిచేసుకునేవాళ్లు నది దాటి ఎలా వెళ్తారు? వాళ్లలో చాలామంది అక్కడే రోడ్డు పక్కకు చేరారు. కొన్ని వారాల్లో కశ్మీరీ గేటు వైపు యమున ఒడ్డున కూడా ఇదే జరిగింది. పదేళ్లు నిద్రపోయిన చోటు ఒక పొద్దున బుల్‌డోజరుకు పోయింది.

ఎండ మాట పునాది గారు అన్నారు కాబట్టి చెబుతాను. 2024 జూన్‌లో ఢిల్లీ వడగాలుల్లో, 11 నుంచి 19వ తేదీ వరకు ఇల్లు లేనివారు 192 మంది చనిపోయారని ఇక్కడ పనిచేసే ఒక సంస్థ లెక్క చెప్పింది. చలికాలానికి ప్రత్యేక ప్రణాళిక, అదనపు గుడారాలు, రాత్రి గస్తీ బృందాలు ఉన్నాయి. మే, జూన్‌లకు అంత పట్టింపు ఎన్నడూ లేదు. మీ ప్రాంతంలో చంపేది ఎండ, వాన. చలికి కట్టిన ఢిల్లీ నమూనాను అలాగే తెచ్చుకోవద్దు.

అందుకని నా సలహా: స్థలాన్ని ఆశ్రయం కోసమే కేటాయిస్తూ కౌన్సిల్ తీర్మానం అడగండి. దాన్ని ఇంకో పనికి వాడాలంటే, ముందు ఒక కిలోమీటరు లోపల ప్రత్యామ్నాయం తెరిచాకే అని అందులో రాయించండి.

15. కొత్త సభ్యురాలు

ఈ చర్చ చదివి సభ్యత్వం తీసుకున్నాను. మా ఊరి స్టేషను బయట ఇద్దరు చిన్నపిల్లలతో ఒక తల్లి కొద్ది రోజులుగా ఉంటోంది. ఆమెకు ఏం చేయాలో తెలియడం లేదు. మా ఊళ్లో ఆశ్రయం లేదు.

16. తెల్లకోటు

అమ్మా, ముందు ఆమెతో కూర్చుని మాట్లాడండి, ఆమెకు ఏం కావాలో అడగండి. ఆమె ఒప్పుకుంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి, పిల్లల కోసం 1098కి ఫోను చేయండి. జిల్లాలో సఖి కేంద్రం (ఆపదలో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) ఉంటే అక్కడ కొన్ని రోజులు ఉండే వీలు ఉంటుంది. వృద్ధులైతే 14567, ఒంట్లో బాగోకపోతే 108. పిల్లలను తల్లి నుంచి విడదీయవద్దని గట్టిగా చెప్పండి. ఆమె పిల్లలకు అంగన్‌వాడీలో అన్నం, పాలు అడిగే హక్కు ఉంది, చిరునామా లేదని కాదంటే ఒప్పుకోవద్దు.

17. నల్లకోటు

చిరునామా మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతాను. ఆశ్రయం పక్కాగా నడిస్తే దాని నిర్వాహకుల ధ్రువపత్రంతో ఆధార్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఓటు హక్కుకు ఇల్లు అవసరం లేదు. ఇల్లు లేని మనిషి ఓటరు నమోదు ఫారం 6లో తాను పడుకునే చోటు రాస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి అక్కడే నిద్రపోతున్నాడని చూసి నమోదు చేయాలని ఎన్నికల సంఘం నియమం. దీన్ని ఎవరూ వాళ్లకు చెప్పరు. ఆశ్రయంలో ఒక చిన్న బల్ల, వారానికి ఒక రోజు, రేషను, పింఛను, ఆధార్, ఓటు కాగితాలు రాసిపెట్టే మనిషి. ఇదొక్కటి చేసినా ఆ చోటుకు వచ్చేవాళ్లలో కొంతమందికి ఆశ్రయం అవసరమే తీరిపోతుంది.

18. అడ్డా కూలి

కాగితాల బల్ల ఆలోచన చాలా మంచిది. నాకు రేషను కార్డు రావడానికి ఏళ్లు పట్టింది, చిరునామా లేదనే.

గోదావరి గట్టు గారూ, అర్జీ రాసేముందు ఒక రాత్రి బస్టాండుకు వెళ్లి అక్కడ పడుకునేవాళ్లనే అడగండి. ఎక్కడ కావాలి, ఎన్నింటికి లేస్తారు, దేనికి భయం, ఏం ఉంటే వస్తారు అని. ఇన్నేళ్లలో నన్ను అలా ఎవరూ అడగలేదు.

19. గోదావరి గట్టు

మీరు చెప్పినట్టే మేం నలుగురం రాత్రి పదింటికి వెళ్లి మాట్లాడాం. ఎక్కువమంది రైల్వే స్టేషను వైపు స్థలం అడిగారు, బస్టాండు వెనక వాన నీరు నిలుస్తుందట. మార్కెట్ దగ్గర పాత పురపాలక పాఠశాల మూతపడి ఉందని చెప్పింది కూడా వాళ్లే. ఆడవాళ్లు ముగ్గురు మాతో మాట్లాడారు, ముగ్గురూ మొదట అడిగింది స్నానాల గదికి లోపలి గడియ.

అర్జీ ఇలా రాశాను. పాఠశాల భవనాన్ని వెంటనే బాగు చేసి మగవారికి ఇవ్వాలి. దాని ఆవరణలోనే, గట్టు పోసి, కుటుంబాలకు, ఒంటరి ఆడవారికి, రోగులకు పందిరి కింద రాక్‌వూల్ క్యాబిన్లు, వేరే ద్వారం, మహిళా కేర్‌టేకర్. మనిషికి 50 చదరపు అడుగుల లెక్క బోర్డు మీద రాయాలి. తాళం పెట్టెలు, రోజంతా తెరిచి ఉండటం, కాగితాల బల్ల, ఆస్పత్రి దగ్గర రెండు క్యాబిన్లు. మురుగు కనెక్షను, ఎర్తింగు పరీక్ష అయ్యాకే తెరవాలి. నిర్వహణ ఖర్చుకు బడ్జెట్‌లో పద్దు, స్థలానికి కౌన్సిల్ తీర్మానం, బలవంతంగా ఎవరినీ తరలించబోమన్న మాట. మూడో అంతస్తు గారి నెలవారీ కమిటీ కూడా చేర్చాను.

బుధవారం ఇస్తున్నాం. బస్టాండులో పడుకునే పదకొండు మంది కూడా సంతకాలు, వేలిముద్రలు వేశారు. చిరునామా గడిలో ఏం రాయాలని ఒకాయన అడిగితే, నల్లకోటు గారు చెప్పిన నియమం గుర్తు చేసుకుని, పడుకునే చోటే రాయమన్నాను. కమిషనరు గారి జవాబు రాగానే ఇక్కడ పెడతాను.

20. పునాది

టెండరు కాగితం బయటికి రాగానే దాన్ని కూడా పెట్టండి. వైరింగు, ప్యానెళ్ల వివరాలు నేను చదివి చెబుతాను.